బండి ఎందుకు లాగడం లేదో పట్టుకునే చదువు

పోయిన వేసవిలో గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు గంటన్నర నిలబడ్డాను. నాతో ఒక తండ్రి ఉన్నాడు. ఆయన కొడుకు పదో తరగతిలో మంచి మార్కులే తెచ్చుకుని, ఐటీఐలో మోటార్ మెకానిక్ చేరతానని కూర్చున్నాడు. "మా ఇంట్లో ఇంజినీరు ఉండాలండీ, మెకానిక్కు కాదు" అని తండ్రి పట్టు. మాటలతో ఆయన్ని ఒప్పించడం నా వల్ల కాలేదు. అందుకే అక్కడికి తీసుకెళ్లాను.

ఆ పూట పాడేరు వైపు నుంచి పాత మహీంద్రా కమాండర్ ఒకటి వచ్చింది, ఫోర్ వీల్ డ్రైవ్ బండి. ఘాట్ ఎక్కేటప్పుడు లాగడం లేదని డ్రైవర్ గోడు. అంతకుముందు ఇంకోచోట చూపిస్తే, ఇంజిన్ పోయింది, దించి బోరు చేయించాల్సిందే అన్నారట. ఇక్కడ మేస్త్రి పానా పట్టుకోలేదు. ఐటీఐ ముగించి తన దగ్గర రెండేళ్లుగా పనిచేస్తున్న కుర్రాణ్ని పిలిచి "ముందు అడగరా" అన్నాడు.

"పొద్దున్న స్టార్ట్ ఎలా అవుతోందన్నా?"

"సెల్ఫ్ చాలాసేపు కొట్టాల బాబూ."

"ఎత్తు ఎక్కేటప్పుడు పొగ?"

"పెద్దగా ఏటీ లేదు."

ఆ రెండు జవాబులతోనే కుర్రాడికి సగం దారి దొరికింది. బరువు మీద నల్లపొగ వస్తే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదనో, నాజిళ్లు సరిగా చల్లడం లేదనో అనుమానించాలి. నీలం పొగైతే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగైతే డీజిల్ కాలకుండానే బయటికి వస్తుండాలి, లేదా సిలిండర్‌లోకి నీళ్లు దిగుతుండాలి. పొగ లేకుండా బలం మాత్రం తగ్గిందంటే ముందుగా డీజిలే చాలినంత అందడం లేదని అనుమానించాలి. పైగా రాత్రంతా ఆగిన బండి పొద్దున్న మొరాయిస్తోందంటే పైపులో ఎక్కడో గాలి దూరుతుండాలి.

వాడు ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూశాడు. ఆవిరి పెద్దగా తన్నలేదు. అంటే పిస్టన్ రింగులు అరిగిపోలేదు, బోరు మాట అబద్ధం. తర్వాత ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పి, ఒక డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి పైన వేలాడదీసి, దాని పైపు నేరుగా ఫీడ్ పంపుకి తగిలించాడు. ఆ డబ్బాతోనే బండిని ఎత్తు రోడ్డు మీదికి తీసుకెళ్లారు. లాగింది. లోపం ట్యాంకుకీ పంపుకీ మధ్య ఉందని తేలింది. వెతికితే క్లిప్పు కింద రబ్బరు పైపు చీలి కనిపించింది. డీజిల్ బయటికి కారని చీలిక, గాలిని మాత్రం లోపలికి పీల్చుకునేది.

తిరిగి రాగానే కుర్రాడు ఇంకో పని చేశాడు. నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గరా అరచేతి వెనకవైపు పెట్టి చూశాడు. ముందు ఎడమ చక్రం మిగతా మూడింటి కన్నా బాగా వేడెక్కి ఉంది. బ్రేకు పట్టేసింది. పాత ఫోర్ వీల్ బండ్లలో ఇది మరచిపోకూడని సంగతి: ఇంజిన్ బాగానే ఉండి, బ్రేకు పట్టేసినా, క్లచ్ జారుతున్నా, ఫోర్ వీల్ గేరు విడవకుండా ఉండిపోయినా, కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేసినా "పికప్ లేదు" అనే అంటారు. నింద ఇంజిన్ మీదే పడుతుంది.

ఆ తండ్రి నన్ను ఒకటే అడిగాడు: "ఇది ఏ పుస్తకంలో ఉంటుందండీ?" పుస్తకంలోనూ ఉంటుంది. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చయ్యే పరీక్ష తర్వాత చేయాలనే క్రమం మాత్రం చేతికి అలవాటవ్వాలి. "బుర్ర లేనివాళ్లే ఐటీఐకి పోతారు" అనే మాట నా ఎదుట ఎవరన్నా నాకు కోపమొస్తుంది. డాక్టరు రోగిని ప్రశ్నలడిగి రోగం పట్టుకోవడాన్ని తెలివి అంటాం. అదే తెలివిని గ్రీజు అంటిన చేతుల్లో చూస్తే ఎందుకు గుర్తుపట్టం?

అర్హత విషయం చిన్నదే: పదో తరగతి పాసైతే ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు, పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా మూడేళ్లు, ఆపైన ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి దారి ఉంది. నన్నడిగితే రెండేళ్ల ట్రేడే తీసుకోమంటాను, దాని తర్వాత ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్. ఆర్టీసీ డిపోల్లో అప్రెంటిస్‌లను తీసుకుంటారు. అక్కడ స్టైపెండ్ తక్కువే. కానీ రోజుకొక రకం లోపం చేతికొస్తుంది.

అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. మొదటిది, వీధికొకటి వెలుస్తున్న "స్కానర్ ఎక్స్‌పర్ట్" కోర్సులు. నలభై ఐదు రోజుల్లో డయాగ్నసిస్ నేర్పుతామని వేలకు వేలు కట్టించుకుంటారు. స్కానర్ కొత్త బండ్లకు తప్పనిసరి, ఆ మాట నేనూ అంటాను. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండి దగ్గరికి అది లేకుండా వెళ్లలేరు. కానీ అది ఏ సెన్సర్ దగ్గర తేడా ఉందో చెబుతుంది, ఎందుకు ఉందో చెప్పదు. ఆ కమాండర్‌కైతే స్కానర్ తగిలించే చోటే లేదు. పునాది లేకుండా స్కానర్ పట్టుకున్న కుర్రాడు సెన్సర్లు ఒక్కొక్కటే మార్పించి బండి యజమాని జేబు ఖాళీ చేస్తాడు. ఏడాది తిరక్కుండా ఆ షెడ్డుకి ఎవరూ రారు.

రెండోది, ఇంట్లోనే మొదలయ్యే ప్రమాదం. బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ చదువు కాదనుకుని, మేనేజ్‌మెంట్ సీటు కోసం పొలం తాకట్టు పెట్టే ఇళ్లు నాకు ప్రతి జూన్‌లోనూ తగులుతాయి. పిల్లవాడికి కోడింగ్ అంటే ఇష్టముంటే మంచిదే. ఇష్టం లేదని వాడు నోరు తెరిచి చెప్పాక కూడా రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో పడేసి, నాలుగేళ్ల బ్యాక్‌లాగులతో ఇంటికి తెచ్చుకోవడం వాడి మీద చేసే దౌర్జన్యం. ఇంతకన్నా మెత్తని మాట నాకు దొరకడం లేదు.

మూడోది, దీనికి పూర్తి ఎదురు తప్పు. "ఎలాగూ మెకానిక్కేగా" అని ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి షెడ్డులో పెట్టడం. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టడం చట్టరీత్యా నేరం. పైగా ఆ పిల్లలకు ఏళ్ల తరబడి టీలు తేవడం, నట్లు కడగడం తప్ప పని నేర్పరు. సర్వీస్ మాన్యువల్ చదవలేనివాడు పెద్దయ్యాక మరొకరి చేతికింద ఉండిపోతాడు.

కష్టాలు దాచను. మొదటి రెండు మూడేళ్లు జీతం ఇల్లు నడపడానికి చాలదు. నడుము నొప్పి, చెవుల్లో హోరు ఈ పనిలో మామూలు. "ఎలక్ట్రిక్ బండ్లొచ్చాక డీజిల్ మెకానిక్కుకి పనేముంటుంది?" అని కూడా అడుగుతారు. ట్రాక్టర్లు, జేసీబీలు, చేపల బోట్లు, జనరేటర్లు రేపటికల్లా మాయం కావు. ఎలక్ట్రిక్ బండి వచ్చినా చక్రం వేడెక్కితే ముందు బ్రేకునే అనుమానించాలి. అయినా కొత్తవాళ్లు ఎలక్ట్రికల్ పాఠాలు వదలకూడదు. మల్టీమీటర్ పట్టడం మొదటి ఏడాదే నేర్చుకోవాలి.

ఐటీఐ ఎంచుకునేటప్పుడు గోడల మీది ప్లేస్‌మెంట్ ఫొటోలు చూడకండి. తరగతులు నడిచే రోజున వెళ్లి వర్క్‌షాప్ తలుపు తీయమనండి. ఎన్ని ఇంజిన్లున్నాయి, వాటిలో ఎన్ని స్టార్ట్ అవుతాయి, నాజిల్ టెస్టర్, కంప్రెషన్ గేజ్ ఉన్నాయా, వాటిని పోయిన నెలలో పిల్లలు ముట్టుకున్నారా అని అడగండి. ఈ ప్రశ్నలు మీ అబ్బాయి చేతే అడిగించండి. గాజువాక వచ్చిన ఆ తండ్రి జూన్‌లో కొడుకుని రెండు ఐటీఐలకు తిప్పాడు. మొదటిదాంట్లో ఇంజిన్ల మీద దుమ్ము ఉందని కొడుకే వద్దన్నాడట.