వెన్ను నొచ్చినవాని సాము

సాము నేర్చువానికి వెన్ను గాయపడినచో, తన విద్య ముగిసెనని నిరాశ చెందును. లేదా నొప్పిని దాచి, పూర్వమువలెనే దుమికి, గాయమును పెంచుకొనును. ఈ రెండును తగవు. మూడవ మార్గమొకటి కలదు.

చీనా దేశమున సామువిద్యలను వెలుపలివి, లోపలివి యని రెండు తెగలుగా చెప్పుదురు. లోపలివానిలో ప్రసిద్ధమైనది తాయ్ చీ. 1956లో దీనినుండి 24 కదలికల సులభక్రమమొకటి కూర్పబడెను. ఇందు దుముకుట లేదు. మోకాళ్లను కొంచెము వంచి, భుజములను సడలించి, వెన్నును నిటారుగా నుంచి, శరీరభారమును ఒక కాలినుండి మరియొక కాలికి మెల్లగా మార్చవలెను. ఊపిరి బిగపట్టరాదు. నడుమును మెలిపెట్టక, తుంటితో కూడ తిరుగవలెను. నిలువలేనివాడు కుర్చీపై కూర్చుండి చేతుల కదలికల నభ్యసింపవచ్చును.

పాదముల నిలుకడ, దేహపు తూకము, ఊపిరి నెమ్మది, ఇవియే సమస్తమైన సాముకును పునాదులు. కావున ఇట్లు సాధన చేయువాడు తన విద్యను విడిచినవాడు కాడు. 2017లో అమెరికా వైద్యుల సంఘమొకటి, దీర్ఘకాలపు నడుము నొప్పికి మందులకంటె ముందుగా ఆచరింపదగినవానిలో తాయ్ చీని చేర్చెను.

అయినను, గాయమును మొదట వైద్యునికి చూపవలెను. కాలు తిమ్మిరెక్కినను, బలము తగ్గినను, మూత్రముపై పట్టు తప్పినను క్షణమైనను ఆలస్యము చేయరాదు. సాధనలో నొప్పి హెచ్చినచో ఆపవలెను.

విద్యార్థులారా! గురువు నెదుట నిలిచి “అయ్యా, నాకు నొచ్చుచున్నది” యని చెప్పుటకును ధైర్యము కావలెను. అట్లు చెప్పినవానిని తోడివారు నవ్వరాదు.