చింత చెట్టు మీద పట్టు

చింతపండు పులుసులో వేస్తాం. చింతచిగురు పప్పులో వేస్తాం. మరి చింత చెట్టు మీద పట్టు దొరుకుతుందంటే మీరు నమ్ముతారా?

ఆఫ్రికా ఖండంలో పడమటి వైపున బుర్కినా ఫాసో అనే దేశం ఉంది. 1984 వరకు దాని పేరు అప్పర్ వోల్టా. ఆ దేశానికి సముద్రం లేదు. ఏడాదిలో కొద్ది నెలలే వానలు. మిగతా నెలలన్నీ ఎండ, దుమ్ము. చింత చెట్టుకు పుట్టిల్లు ఆఫ్రికాయే. అందుకే అక్కడ ఆ చెట్టు బాగా బతుకుతుంది.

ఆ చెట్ల మీద అనాఫే అనే ఒక జాతి గొంగళి పురుగులు ఉంటాయి. వీటిని ఎవరూ పెంచరు. ఆకులు తిని వాటంతట అవే పెరుగుతాయి. ఉమ్మడి కుటుంబంలా గుంపుగా ఉంటాయి. ఎదిగాక అన్నీ కలిసి పట్టుతో ఒక పెద్ద సంచి అల్లుతాయి. ఆ సంచి లోపల ఒక్కో పురుగు తన కోసం ఒక చిన్న గూడు కట్టుకుంటుంది. కొన్నాళ్లకు రెక్కలు వచ్చి బయటికి ఎగిరిపోతుంది. మళ్లీ ఆకుల మీద గుడ్లు పెడుతుంది.

అక్కడి మార్కా-దాఫింగ్ తెగ ఆడవాళ్లకు ఈ పట్టు పని తెలుసు. పురుగుల నూగు ఒంటికి తగిలితే బాగా దురద పెడుతుంది. కాబట్టి జాగ్రత్తగా పని చేయాలి. గూళ్లను బూడిద నీళ్లలో ఉడకబెడతారు. అప్పుడు బంక వదులుతుంది. కడిగి, ఆరబెట్టి, దూదిలా విడదీస్తారు. కదురు మీద నూలు వడికినట్టు వడుకుతారు. ఆ దారంతో సన్నని పట్టీలు నేస్తారు. పట్టీలను కలిపి కుడితే కట్టుకునే గుడ్డ అవుతుంది. నీలిమందు రంగు కూడా వేస్తారు.

మన తెలంగాణలో మహాదేవ్‌పూర్, చెన్నూరు వైపు మద్ది చెట్ల మీద దసలి పట్టు పురుగులను పెంచుతారు. దసలి కాయ నుండి పొడవైన దారం లాగుతారు. పురుగు కాయను చీల్చుకుని బయటికొస్తే ఆ దారం తెగిపోతుంది. అనాఫే పట్టును వడుకుతారు కదా! అందుకని పురుగు ఎగిరిపోయిన ఖాళీ గూడు కూడా పనికొస్తుంది.

చెట్టు నరికితే కట్టెలు ఒక్కసారే వస్తాయి. చెట్టు ఉంటే పండు, చిగురు, నీడ ఏటేటా ఉంటాయి. పురుగుకు ఆకు ఉంటుంది. వడికే ఆడదాని చేతికి పని ఉంటుంది. సంచులన్నీ ఒకేసారి తెంపి ఉడకబెడితే మరుసటి ఏడు గుడ్లు పెట్టేదెవరు? కొన్నింటినైనా చెట్టు మీదే వదలాలి.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి:
1. గూళ్లను బూడిద నీళ్లలో ఎందుకు ఉడకబెడతారు?
2. దసలి పట్టుకూ, అనాఫే పట్టుకూ తేడా ఏమిటి?
3. మీ ఊరి చెట్ల వల్ల ఆడవాళ్లకు ఏ ఏ పనులు దొరుకుతున్నాయి? అందరూ కలిసి రాయండి.