రిజిస్టర్‌కెక్కే పేరు

ఖమ్మం

చిరంజీవి అమ్మాయికి,

బీఫార్మసీలో కన్వీనర్ కోటా సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఇన్నేళ్లుగా మందుల షాపు నడుపుతున్నా మన ఇంట్లో ఫార్మసీ డిగ్రీ చేసినవాళ్లు లేరు. నేను డీఫార్మసీతోనే ఆగిపోయాను. నువ్వు ముందుకెళ్తున్నావు, చాలా సంతోషం.

ఇక పని మాట. అలాట్‌మెంట్ ఆర్డర్ వచ్చింది కాబట్టి సీటు ఖాయమైనట్టే అనుకుంటున్నావట. ఇంకా కాలేదమ్మా. గడువు లోపల ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి, వెబ్‌సైట్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేస్తేనే సీటు నిలుస్తుంది. రీయింబర్స్‌మెంట్ వర్తించేవాళ్లకు కట్టాల్సింది సున్నా అని చూపించినా సెల్ఫ్ రిపోర్టింగ్ తప్పదు. చెయ్యకపోతే నిన్ను పిలిచి అడిగేవాళ్లుండరు, సీటు రద్దవుతుంది. అది అయ్యాక చెప్పిన తేదీలోగా కాలేజీకి వెళ్లి హాజరు కావాలి. ఈ రెండిట్లో ఏదీ చివరి రోజుకు పెట్టుకోకు. ఆ రోజు సర్వర్ మొరాయిస్తుంది.

కాలేజీవాళ్లు అడిగే కాగితాలు నీకు తెలిసినవే: ఈఏపీసెట్ హాల్ టికెట్, ర్యాంక్ కార్డు, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్. హెల్ప్‌లైన్ సెంటర్‌లో ఒకసారి చూశారు కదా, మళ్లీ ఎందుకీ తంతు అని విసుక్కున్నావని విన్నాను. ఎందుకో చెప్తాను.

నాలుగేళ్లు చదివి పాసైనంత మాత్రాన ఫార్మసిస్టువి కావు. రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్‌లో నీ పేరు ఎక్కాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం, రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప వేరేవాళ్లు డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వడం నేరం. ఇవాళ కాలేజీ ఆఫీసులో నీ పేరు ఎలా రాస్తారో యూనివర్సిటీకి అలాగే వెళ్తుంది, రేపు డిగ్రీ మీద అలాగే ముద్రిస్తారు, కౌన్సిల్ రిజిస్టర్‌లోకి అదే చేరుతుంది. మొదట్లో దొర్లిన ఒక్క అక్షరం తప్పు ఆఖరిదాకా వెంటపడుతుంది.

అందుకని ఈ రాత్రే పదో తరగతి మెమో ముందు పెట్టుకో. ఇంటిపేరు, నీ పేరు, మీ నాన్న పేరు, పుట్టిన తేదీ అందులో ఎలా ఉన్నాయో ఇంటర్ మెమోలో, ఆధార్‌లో, టీసీలో అలాగే ఉన్నాయా చూడు. ఆధార్‌లో తేడా ఉంటే ఆధార్ కేంద్రంలో సరిచేయించుకోవడం తేలిక. పదో తరగతి మెమోలోనే తప్పుంటే మీ హైస్కూల్ హెడ్‌మాస్టర్ ద్వారా బోర్డుకు దరఖాస్తు వెళ్లాలి, దానికి టైం పడుతుంది. ఇప్పుడే మొదలుపెట్టు. షాపులో మేం చీటీ చేతికి రాగానే మందు కోసం అరల వైపు పరిగెత్తం. రోగి పేరు, తేదీ, మోతాదు, డాక్టర్ సంతకం చూశాకే లేస్తాం. నీ కాగితాల్నీ అదే కంటితో చూడు.

స్టడీ సర్టిఫికెట్ల సంగతి కూడా అంతే. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వాటి ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకే. నువ్వు స్థానికురాలివని చెప్పేవి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా నీ చదువు సాగిన ఏడేళ్ల కాగితాలే. ఒక్క ఏడాది కాగితం లేకపోయినా ప్రశ్న మొదలవుతుంది.

ఒరిజినల్స్ విషయంలో మెతకగా ఉండొద్దు. టీసీ కాలేజీ దగ్గర ఉంటుంది, అది పద్ధతి. మిగిలిన ఒరిజినల్స్ చూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలని, అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. అయినా కొన్నిచోట్ల ఉంచమంటారు. మర్యాదగా అడుగు. ఉంచక తప్పకపోతే ఏవేవి తీసుకున్నారో రాసిన కస్టోడియన్ సర్టిఫికెట్ సంతకంతో, ముద్రతో తీసుకున్నాకే బయటికి రా. ఇంట్లోంచి బయల్దేరేముందే అన్నీ స్కాన్ చేసి పెట్టుకో, మూడు సెట్లు జిరాక్స్ తీయించు.

కాలేజీ నిన్ను అడిగినట్టే నువ్వూ కాలేజీని అడగాలి. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి లేని కోర్సు చదివితే ఆ డిగ్రీతో రిజిస్ట్రేషన్ రాదు. ఏ కాలేజీకి ఏ కోర్సులో ఎన్ని సీట్లకు, ఏ సంవత్సరం దాకా అనుమతి ఉందో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. నీ కాలేజీ పేరు నువ్వే వెతికి చూడు. ఏజెంట్ మాట, బోర్డు మీద రాత లెక్కలోకి రావు. కన్వీనర్ సీటుకు ఫీజు ఎంతో అలాట్‌మెంట్ ఆర్డర్‌లోనే ఉంటుంది. అంతకుమించి ఏది అడిగినా దేనికని అడుగు, రసీదు లేకుండా రూపాయి కట్టొద్దు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కాలేజీలో చేరగానే ఈపాస్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆదాయ ధ్రువీకరణ పత్రం పాతది నడవదు, మీసేవలో కొత్తది తీయించు. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో బ్యాంకుకు వెళ్లి కనుక్కో. ఇది ఒక్కసారితో పోయేది కాదు, ఏటా రెన్యువల్ చెయ్యాలి.

ర్యాగింగ్ చెయ్యనని నువ్వు, చెయ్యనివ్వనని మీ నాన్న హామీపత్రాలు ఇవ్వాలి. 2009 నాటి యూజీసీ నిబంధన అది. చదవకుండా సంతకం పెట్టొద్దు. అందులో నీ బాధ్యతే కాదు, నీకు ఇబ్బంది వస్తే కాలేజీ ఏం చెయ్యాలో కూడా తెలుస్తుంది.

క్లాసులు మొదలయ్యాక రెండు మాటలు గుర్తుంచుకో. నువ్వు బైపీసీ కాబట్టి మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ మ్యాథమెటిక్స్ ఉంటుంది. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు రెమెడియల్ బయాలజీ. లెక్కలు పదితో వదిలేశానని భయపడకు, అలాగని తేలిగ్గానూ తీసుకోకు. హాజరు ప్రతి సబ్జెక్టులో 80 శాతం ఉండాలి, థియరీకి వేరు, ప్రాక్టికల్‌కు వేరు. మొత్తం మీద కలిపి చూసుకుని సరిపోయిందనుకుంటే సెమిస్టర్ పరీక్ష దగ్గర ఇరుక్కుంటావు.

ఇదంతా గుమాస్తా పని అనిపించొచ్చు. మన షాపులో షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ నువ్వు చూశావు. డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చామో రాసి, మూడేళ్లు భద్రంగా ఉంచాలి. ఈ వృత్తిలో చదువు ఎంత ముఖ్యమో కాగితం అంతే ముఖ్యం. రేపు పెద్ద ఆసుపత్రిలో చేరినా, మందుల కంపెనీలో చేరినా రాయని పని చేసినట్టు లెక్క కాదు. ఆ అలవాటు నీ సొంత కాగితాలతోనే మొదలవ్వనీ.

కాలేజీకి మీ నాన్నను వెంట తీసుకెళ్లు, కౌంటర్ దగ్గర మాత్రం నువ్వే మాట్లాడు. పని పూర్తయ్యాక ఫీజు రసీదు, కస్టోడియన్ సర్టిఫికెట్ ఫోటోలు నాకు వాట్సాప్‌లో పంపించు. పేరులో ఏదైనా తేడా కనిపిస్తే రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యి, హెడ్‌మాస్టర్ గారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.

ఆశీస్సులతో,
మీ బాబాయి