తెల్లరాయి అంతా ఫెల్‌స్పార్ కాదు

పింగాణీ, గాజు పరిశ్రమలకు పోయే ఫెల్‌స్పార్ వర్తకులకు కొత్త సరుకు కాదు. చూపునకు దాదాపు అలాగే తెల్లగా ఉండే అంబ్లిగొనైటు మాత్రం అరుదైన ఫాస్ఫేటు ఖనిజం, లిథియం ముడిసరుకు. శుద్ధమైన దానిలో లిథియం ఆక్సైడు సుమారు 10 శాతం ఉంటుంది. గూడూరు అభ్రకపు గనులలో కనిపించే పెగ్మటైటు జాతి శిలలలోనే ఇదీ పుడుతుంది. అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రపు కీస్టోన్ గనులు ఈ రెంటినీ ఉత్పత్తి చేశాయి. అంబ్లిగొనైటు ఫెల్‌స్పార్ ధరకు పోతే నష్టం అమ్మినవారిది. ఫెల్‌స్పార్ లిథియం ధరకు వస్తే కొన్నవారిది.

గని వద్ద చేయదగిన పరీక్షలు మూడు.

తూకం: శుభ్రమైన ముక్కను స్ప్రింగు కాటాకు వేలాడదీసి తూచాలి. తర్వాత నీటిలో పూర్తిగా ముంచి తూచాలి. మొదటి బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగించాలి. 2.6 ప్రాంతంలో వస్తే ఫెల్‌స్పార్ లేదా పలుగురాయి. 3 లేక కాస్త ఎక్కువ వస్తే అంబ్లిగొనైటు కావచ్చు.

పగులు: ఫెల్‌స్పార్‌లో పగులు ముఖాలు ఇంచుమించు లంబకోణంలో కలుస్తాయి. అంబ్లిగొనైటులో అలా కలవవు. 1817లో జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు బ్రైట్‌హౌప్ట్ ‘మొద్దు కోణం’ అనే అర్థం గల గ్రీకు మాటలతో దీనికి పేరు పెట్టింది ఈ పగులును బట్టే.

మంట: చిన్న పెచ్చును ఊదుగొట్టపు మంటలో పెడితే సులువుగా కరిగి, మంటను ఎర్రబరుస్తుంది. ఫెల్‌స్పార్ అంత తేలికగా కరగదు.

అయితే స్పాడుమీను కూడా బరువైనదే, దాని మంటా ఎరుపే, అది సిలికేటు. కనుక బేరానికి ముందు లాటులో పలుచోట్ల నమూనాలు తీసి లిథియం, ఫాస్ఫరస్ రెండింటికీ రసాయన పరీక్ష చేయించుకోవాలి. ఒక్క మంచి ముక్కను చూసి లాటుకు ధర కట్టరాదు.