పిల్లలలో ఆకస్మిక మూత్రపిండ వైఫల్యం: గుర్తింపు, చికిత్స

రక్తాన్ని అహర్నిశలూ వడగట్టి మలినాలను వెలుపలికి పంపే అవయవాలు మూత్రపిండాలు. ఈ పని కొద్ది గంటలలో లేక కొద్ది రోజులలో కుంటుపడడమే ఆకస్మిక మూత్రపిండ వైఫల్యం. సకాలంలో చికిత్స అందితే పిల్లలలో అనేకులు పూర్తిగా కోలుకుంటారు, ఆలస్యమైతే ప్రాణాపాయం.

చండ్రుగొండ వంటి అటవీ సరిహద్దు గ్రామాలలో దీనికి ముఖ్య కారణాలు నాలుగు. మొదటిది వాంతులు, విరేచనాలు. ఒంటిలో నీరు తగ్గి మూత్రపిండాలకు రక్తం చాలదు. రెండవది ఫాల్సిపారం మలేరియా. మూడవది రక్తపింజరి కాటు. నాలుగవది మనం తేలికగా తీసుకునే గజ్జి, చీముపుండ్లు. స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వలన పుండ్లు లేచిన కొన్ని వారాలకు ముఖం ఉబ్బి, మూత్రం తేనీటి డికాక్షన్ రంగులో రావచ్చు. మందులు సైతం కారణం కావచ్చు. 2022లో గాంబియాలోను, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలోను డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గుమందుల వలన పలువురు పసివారు మరణించారు.

గుర్తించుటకు ప్రధానమైన ఆనవాలు మూత్రం తగ్గడం. 10 కిలోల బిడ్డకు 12 గంటలలో 60 మిల్లీలీటర్ల కంటె తక్కువ వస్తే అది ప్రమాద సూచన. ముఖం, కాళ్లు ఉబ్బడం, ఆయాసం, మగత, ఫిట్స్ కనిపిస్తే క్షణం జాగు చేయరాదు.

విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఓ.ఆర్.ఎస్. పొట్లం పూర్తిగా కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు మానరాదు. కాని ఒళ్లు ఉబ్బి, మూత్రం ఆగిన బిడ్డకు నీరు అధికంగా పోయరాదు. కొబ్బరినీళ్లు, పండ్లరసాలు కూడదు. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకొని గుండెను ఆపగలదు. పసరు మందులు, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఇవ్వరాదు.

ఆసుపత్రిలో రక్తంలోని క్రియాటినిన్, పొటాషియం పరీక్షించి, మూలవ్యాధికి చికిత్స చేస్తారు. అవసరమైతే డయాలసిస్ చేస్తారు. చిన్నపిల్లలకు పొట్టలోకి గొట్టం ద్వారా ద్రవం పంపి, ఉదరపు పొర ద్వారానే మలినాలను తీయవచ్చు. డయాలసిస్ అనగానే అది జీవితాంతం తప్పదని భయపడి బిడ్డను ఇంటికి తెచ్చుకునే తల్లిదండ్రులు ఉంటారు. ఇది పొరపాటు. ఆకస్మిక వైఫల్యంలో మూత్రపిండాలు తిరిగి పనిచేసేవరకు, తరచు కొద్దిరోజులపాటు మాత్రమే అది అవసరమవుతుంది.

విద్యార్థులారా! మీ ఇంటగాని, పొరుగింటగాని పిల్లలకు జబ్బుచేసినప్పుడు, "చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు?" అని అడగండి. ఆ వేళను కాగితంపై వ్రాసి వైద్యునికి చూపండి. అక్షరజ్ఞానం గల ప్రతి ఒక్కరూ చేయగల ఈ చిన్న పని ఒక పసిప్రాణాన్ని నిలుపగలదు.