యోనాతాను తేనె - వృద్ధుల మతి

పఠింపవలసిన భాగము: 1 సమూయేలు 14:24-30

పొద్దు గ్రుంకువరకు ఎవరును మెతుకు ముట్టరాదని సౌలు తన సైన్యముచేత ప్రమాణము చేయించెను. అడవిలో తేనె కారుచున్నను ఎవరును చేయి చాపలేదు. ఆ మాట వినని యోనాతాను కర్రకొనతో కొంచెము తేనె నోట వేసికొనగానే అతని కన్నులకు కాంతి వచ్చెను. భద్రాచలపు అడవి అంచున కాపురముండు మనకు తేనె సంగతి విప్పి చెప్పనక్కరలేదు. అయితే ఆ ఒట్టు పెట్టినది సౌలే గాని దేవుడు కాడని గమనింపుడి.

నిరుటి మంచి శుక్రవారమున మా సంఘములో ఇట్టిదే జరిగినది. డెబ్బది దాటిన ఒక పెద్ద, చక్కెర వ్యాధి గలవాడు, ఉదయమున మాత్ర మ్రింగి ఉపవాసముతో ఆరాధనకు వచ్చెను. మధ్యాహ్నమునకు చెమటలు పట్టి, పొంతనలేని మాటలాడుచు, కన్నకూతురినే ఎవరవని అడిగెను. దయ్యమని కొందరు, ముసలి చాదస్తమని కొందరు అనిరి. మేమును ప్రార్థనకు మోకరించితిమే గాని వేరొకటి తోచలేదు. ఆశా కార్యకర్త చక్కెర నీళ్లు కలిపి త్రాగించెను. పావుగంటలో ఆయన కూతురిని పేరుపెట్టి పిలిచెను.

మెదడు బరువు దేహములో నూటికి 2 పాళ్లే. దేహము ఖర్చుచేయు శక్తిలో మాత్రము ఇంచుమించు 20 పాళ్లు అదే తీసికొనును. దాని ముఖ్యాహారము రక్తములోని చక్కెర. ఇన్సులిను గాని కొన్ని మాత్రలు గాని చక్కెరను దించుచుండగా కడుపు మాడ్చినయెడల మెదడు పస్తుండును. హెచ్చినను కీడే. ఏండ్ల తరబడి అదుపులేని చక్కెర, రక్తపుపోటు మెదడులోని సన్నని నాళములను చెరుపగా జ్ఞాపకము సన్నగిల్లును. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణులు 14 కారణములను సరిచేసినచో మతిమరుపు వ్యాధిలో నూటికి 45 వంతులు తప్పింపనో ఆలస్యము చేయనో వచ్చునని అంచనా వేసిరి. చక్కెర, పోటు, పొగ త్రాగుట, వినికిడి లోపము, ఒంటరితనము వాటిలోనివే. అరుగుమీద ఒంటరిగా విడువబడిన అవ్వలు ఏ పల్లెలో లేరు? మన తాతలు జొన్న గటక తిని చేలకు నడిచిరి. మనము మూడు పూటలు తెల్లన్నము తిని ఆటో ఎక్కుచున్నాము.

చక్కెర మందు వాడువారు డాక్టరును అడుగక ఉపవాసముండరాదు, మందును తమంతట మానరాదు. వణుకు, చెమట, తడబాటు కనబడినచో వెంటనే తీపి ఇయ్యవలెను. స్మృతి తప్పినవాని నోట ఏమియు పోయక 108కి ఫోను చేయవలెను.

ఈ యేటి మంచి శుక్రవారమున ఆ పెద్ద గంజి త్రాగుటకు సిగ్గుపడెను. మేము ఆయన ప్రక్కన కూర్చుండి ఒక గిన్నెడు త్రాగితిమి.