విత్తనపు కాయలు

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము - ఈ మూడు పట్టణములు గుంతకల్లు నుండి బెంగళూరునకు పోవు రైలుదారి మీద వరుసగా నున్నవి. ధర్మవరము వీధులలో పట్టుమగ్గముల చప్పుడు వినబడును. పెనుకొండ చేరగానే, 1565లో రాక్షస తంగడి యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులు రాజధానిగా చేసికొన్న కొండకోట కనబడును. హిందూపురమున బెల్లము, చింతపండు వ్యాపారము మెండు. ఆ ఊరు దాటిన కొలది దూరమునకే కన్నడసీమ. 2022 ఏప్రిల్ వరకు ఈ మూడును అనంతపురము జిల్లాలోనివి. ఆ తరువాత పుట్టపర్తి కేంద్రముగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా మారినను ఆకాశము మారలేదు. సంవత్సరమునకు సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన. అదియు అదను తప్పి కురియుట పరిపాటి.

ఈ సీమ రైతు ముఖ్యముగా వేరుసెనగ పండించును. పంట చేతికి వచ్చిన పిమ్మట మేలైన కాయలను ఏరి, చక్కగా ఎండబెట్టి, గోతములలో కట్టి వేరుగా దాచును. అవి విత్తనపు కాయలు. వాటిని ఒలువకుండ కాయగానే దాచవలెను. ముందుగా ఒలిచిన గింజ మొలకెత్తు శక్తిని త్వరగా కోల్పోవును. ఇంట తిండికి కరవు వచ్చినను ఆ గోతముల జోలికి పోరాదని పెద్దలు చెప్పుదురు. కాని వరుసగా రెండేండ్లు వాన తప్పినపుడు ఆ మాటను నిలుపుకొనుట ఎంత కష్టమో అనుభవించిన ఇంటివారికే తెలియును.

ఫుట్‌బాల్ ఆడు సంఘములలోను ఇట్టి రెండు తీరులు గలవు. కొన్ని సంఘములు ధనము వెచ్చించి, అప్పటికే పేరుపొందిన ఆటగాండ్రను తెచ్చుకొనును. అది అంగడికి పోయి పంటను కొనుట వంటిది. మరికొన్ని సంఘములు ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లలను చేరదీసి, ఆట నేర్పి, పదేండ్లు ఓర్చుకొని, ఆ పిల్లలతోనే జట్టును నిర్మించుకొనును. ఈ రెండవ దారిలో నడచువారు తక్కువ. నడుమ ఓటములు వచ్చినపుడు చూడవచ్చిన జనులు నవ్వుదురు, ధనమిచ్చువారు విసుగుదురు.

తెలుగునాట ఈ రెండవ దారిని ఎరిగినవాడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో జన్మించిన ఆయన వృత్తిచేత బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకొనెను. ఆయన తీర్చిన భారత జట్టు ఆసియా క్రీడలలో 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును స్వర్ణపతకము పొందెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమును సాధించెను.

ఈ విజయముల కంటె ఆయన బోధించిన విధానము ఎక్కువ ఆసక్తికరమైనది. రహీమ్ కుర్రవాండ్రకు విచిత్రమైన పోటీలు పెట్టెడివాడు. ఒక పోటీలో బంతిని కాలితో త్రిప్పుచు ఒక్కడే ముందుకు పోరాదు. అందిన వెంటనే తోడివానికి అందింపవలెను. మరియొక పోటీలో అలవాటు లేని కాలితో మాత్రమే తన్నవలెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలు విసరి బోర్లపడుట ఎన్నిసార్లు జరిగియుండునో! కాని ఇరువదియేండ్లు నిండిన ఆటగానికి రెండవ కాలిని అలవాటు చేయుట దాదాపు అసాధ్యము. పదేండ్లవానికి అది ఆటలో ఒక భాగమే. పంతులు గనుక రహీమ్ ఈ సంగతిని గ్రహించెను.

సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ ఆయన కనుగొన్న యువకులలో ఒకడు. పేదకుటుంబమువాడు. శిక్షణకై రోజును హైదరాబాదునకు వచ్చుటకు దారిఖర్చు లేకున్నపుడు, అద్దె సైకిలుకు కావలసిన పైకమును రహీమ్ తానే ఇచ్చెనని బలరామ్ తరువాతి కాలమున చెప్పెడివాడు. ఆ యువకుడు 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో ఆడెను. జకార్తాలో స్వర్ణపతకము గెలిచిన జట్టులోను ఉండెను.

జకార్తా విజయమునకు ఏడాది నిండకమునుపే, 1963 జూన్‌లో, రహీమ్ కన్నుమూసెను. ఆయన పెంచిన తరము ఇంక కొంతకాలము నిలిచెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. ఆ తరువాత ఆ ట్రోఫీ ఈ రాష్ట్రమునకు మరల రాలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము భారతదేశమునకు 1962 తరువాత దక్కలేదు. 1960 తరువాత భారత జట్టు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆడనేలేదు. ఇందుకు కారణములు పెక్కు గలవు. వాటిలో ఒకటి మాత్రము స్పష్టముగా కనబడుచున్నది: విద్య యంతయు ఒక పంతులు తలలో నుండెను. ఆయనతోపాటు అదియు పోయెను. విత్తనమును దాచు కొట్టు ఎవరును కట్టలేదు.

అట్టి కొట్టును తన సొంత ధనముతో కట్టిన ఆటగాడు ఒకడు రుమేనియా దేశమున గలడు. ఆయన పేరు గియోర్గీ హాజీ. రుమేనియా ఐరోపా ఖండమున, నల్లసముద్రపు టొడ్డున నున్న దేశము. 1994లో అమెరికాలో జరిగిన ప్రపంచకప్పు పోటీలలో హాజీ నాయకత్వమున ఆ దేశపు జట్టు క్వార్టర్ ఫైనల్ వరకు పోయెను. స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్, బార్సిలోనా అను రెండు మహాసంఘముల తరఫునను ఆయన ఆడియుండెను. ఆట విరమించిన పిమ్మట ఆయన 2009లో తన సొంతసీమయైన కాన్‌స్టాన్సా ప్రాంతమునకు తిరిగివచ్చి, ఒవీడియు అను చిన్నపట్టణమున ఒక శిక్షణాలయమును కట్టి, ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘమునకు పెట్టిన పేరు 'వీటోరుల్'. రుమేనియా భాషలో ఆ మాటకు 'భవిష్యత్తు' అని అర్థము.

పేరు ఘనముగా నున్నది గాని జట్టు చిన్నది. రాజధానియైన బుకారెస్టులో దశాబ్దముల చరిత్రయు, వేలకొలది అభిమానులును గల సంఘములుండెను. వీటోరుల్‌కు అట్టివి లేవు. దానికి ఉన్నది పచ్చిక మైదానములు, వసతిగృహము, పిల్లలు. క్రింది శ్రేణిలో మొదలుపెట్టి 2012లో ఆ సంఘము దేశమున మొదటి శ్రేణికి చేరెను. మొదటి సంవత్సరములు సులభముగా గడువలేదు. ఇరువదియేండ్లు నిండని బాలురు ముప్పదియేండ్ల గట్టివారితో తలపడవలసి వచ్చెను. 2014లో హాజీ స్వయముగా శిక్షకుని బాధ్యతను చేపట్టెను. ఆ యేడే ఆ శిక్షణాలయపు బాలుడు క్రిస్టియన్ మానెయా పదునారేండ్ల ప్రాయముననే రుమేనియా జాతీయ జట్టున ఆడెను.

2016-17 పోటీలు ముగియునప్పటికి వీటోరుల్‌కును, బుకారెస్టుకు చెందిన ఎఫ్‌సీఎస్‌బీ సంఘమునకును పాయింట్లు సరిసమానముగా నుండెను. అట్టి సందర్భమున ఆ రెండు జట్లు తమలో తాము ఆడిన ఆటల ఫలితమును చూడవలెను. ఆ లెక్కలో వీటోరుల్ పైచేయియై దేశవిజేత అయ్యెను. ఎదుటివారు దీనిని వివాదము చేసిరి. కాని కిరీటము మారలేదు. పుట్టి ఎనిమిదేండ్లు నిండిన సంఘమునకు దక్కిన గౌరవమది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వచ్చును. ఆ విజేతలు చిరకాలము కలిసి ఆడిరా? ఆడలేదు. రజ్వాన్ మారిన్ అను యువకుడు ఆ పోటీల నడుమనే బెల్జియము దేశపు సంఘమునకు వెళ్లెను. ఫ్లోరినెల్ కోమన్, డ్రాగోష్ నెదెల్కు అనువారు గెలుపు దక్కిన 2017లోనే, ఎవరిని ఓడించిరో ఆ ఎఫ్‌సీఎస్‌బీ సంఘమునకే పోయిరి. హాజీ కుమారుడు యానిస్ సైతము అంతకు ముందే ఇటలీకి తరలిపోయెను. పెంచిన పిల్లలను అమ్ముకొనుట కాదా ఇది యని అడుగవచ్చును. కాని రైతు పంటను అమ్మకున్నచో మరుసటి యేడు దుక్కి సాగదు. హాజీ అమ్మినది పంటను, దాచినది విత్తనమును. పైతరగతివారు పోయినచోట క్రిందితరగతివారు వచ్చి నిలిచిరి. 2019లో ఆ సంఘము రుమేనియా కప్పును గెలిచెను. 2021లో అది, కాన్‌స్టాన్సా నగరపు పాతసంఘమైన ఫారుల్‌తో కలిసిపోయెను. 'వీటోరుల్' అను పేరు తెరమరుగైనది. అయినను శిక్షణాలయము మిగిలినది; 2022-23లో ఫారుల్ దేశవిజేత అయినది. పేరు పోయినను పని నిలిచినదన్నమాట. రహీమ్ విషయమున జరిగినది దీనికి సరిగా తలక్రిందులు: పేరు నిలిచినది, పని ఆగినది.

కరవుసీమయైన అనంతపురమునను ఇట్టి ప్రయత్నము జరిగినది. దాని మూలము ఆటలలో లేదు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో భారతదేశమునకు వచ్చి, 1969లో అనంతపురమున స్థిరపడి, ఆన్ ఫెర్రర్ తోడ్పాటుతో గ్రామీణాభివృద్ధి సంస్థయగు ఆర్డీటీని నెలకొల్పెను. బావులు, ఇండ్లు, బడులు, ఆసుపత్రులు - ఇవి మొదటి పనులు. 2000 సంవత్సరమున అనంతపురము పొలిమేరలో ఆ సంస్థ క్రీడాగ్రామమును నిర్మించెను. ఆకలి తీరని ఊళ్లకు ఆటస్థలమేల యని కొందరు అడిగియుందురు. ఆ ప్రశ్న తప్పుకాదు. దానికి జవాబు ఆ మైదానముల తీరులోనే ఉన్నది: అక్కడ ఆటతోపాటు చదువును తిండియు కూడ ఏర్పాటు చేయబడినవి. 2010లో టెన్నిసు వీరుడు రఫేల్ నాదల్ ఫౌండేషన్ అక్కడ తెరచిన పాఠశాలలో పిల్లలు టెన్నిసు ఒక్కటే కాక ఇంగ్లీషు, కంప్యూటరు కూడ నేర్చిరి. క్రికెట్, హాకీ, జూడో ఆటలకును శిక్షణ సాగినది. ఫుట్‌బాల్‌కు స్పెయిన్ దేశపు లా లిగా సంస్థ చేయూత నిచ్చెను. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలలో ఎక్కువ భాగము జరిగినది ఈ క్రీడాగ్రామపు మైదానముననే.

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పు పద్ధతి చూచువారికి అంత గొప్పగా తోచదు. పన్నెండేండ్ల లోపు వారికి నాల్గవ నంబరు బంతి నిత్తురు. పెద్దలు ఆడు ఐదవ నంబరు బంతి చుట్టుకొలత 68 మొదలు 70 సెంటీమీటర్లు; నాల్గవ నంబరుది అంతకంటె చిన్నది. మైదానమును ముక్కలుగా విభజించి, నలుగురు నలుగురుగా ఆడింతురు. పదునొకండుగురు ఆడు ఆటలో ఒక్కొక్కనికి బంతి దొరకుట అరుదు. నలుగురి ఆటలో క్షణక్షణమును బంతి కాలికి తగులుచుండును. వచ్చిన బంతిని ఒక్క తాకుడుతో అదుపుచేయుట, తలయెత్తి తోడివానిని చూచుట, అతనికి అందించుట - ఈ మూటిని వేలసార్లు చేయింతురు. గెలుపోటముల లెక్క ఆ వయస్సున ముఖ్యము కాదు. కాయను వేళ కాకమునుపు ఒలువరాదన్న మాట ఇక్కడ గుర్తుకు వచ్చును.

బాలికల విషయము వేరు. తొమ్మిదేండ్ల పిల్లను మైదానమునకు పంపుటకు ఇంటివారు పెద్దగా అడ్డుచెప్పరు. పదునాలుగు రాగానే నిక్కరు తొడుగుట, చీకటి పడువేళకు ఇంటికి వచ్చుట, పరయూళ్లకు పోటీలకై పోవుట - ప్రతిదియు చర్చనీయాంశమగును. పెండ్లి మాట కూడ ఆ ప్రాయముననే కొన్ని ఇండ్ల తలుపు తట్టును. ఐదేండ్లు కష్టపడి నేర్చిన ఆట ఒక్క సాయంకాలపు సంభాషణతో ఆగిపోవచ్చును. అందువలన శిక్షకుడు బంతి నేర్పుట ఎంత అవసరమో, తల్లిదండ్రుల గడప యెక్కి మాటలాడుటయు అంతే అవసరము.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురములలోను బడులున్నవి, మైదానములున్నవి, బంతి తన్ను పిల్లలున్నారు. మైదానము లెక్కువగా ఎఱ్ఱమట్టివి. వాన పడినపుడు మొలచు పల్లేరు తీగ ఎండిన తరువాత దాని కాయలు బంతిలోను, పాదములలోను గ్రుచ్చుకొనును. పచ్చిక పెంచుటకు నీరు కావలెను. తాగునీటికే కటకట పడు ఊరిలో మైదానమునకు నీరు పెట్టుమని అడుగుటకు నోరు రాదు. మగ్గమున్న ఇంట సాయంకాలమున బిడ్డ చేతిసాయమును కోరుదురు. పెనుకొండ ప్రాంతమున 2019లో కార్ల కర్మాగారము పని మొదలుపెట్టిన పిమ్మట, ఆట కంటె ఐటీఐ చదువు మేలని తలచు తండ్రిని తప్పుపట్టుట కష్టము.

హాజీకి ధనమును పేరును ఉన్నను ఎనిమిదేండ్లు పట్టెను. ఆ లెక్కన నేడు మూడవ తరగతి చదువుచున్న పిల్ల ఇంటర్మీడియట్‌లో చేరునంతవరకు ఫలము కనబడదు. అంతవరకు ఎవరో ఒక పంతులు సాయంకాలము బడి విడిచిన పిమ్మట మైదానమున నిలువవలెను. అతడు బదిలీయై పోయినచో మరియొకడు రావలెను. పల్లేరుగాయలను ఏరు పని మాత్రము ప్రతివారమును ఉండనేయుండును.